ఫండింగ్‌కి కోత పడుతుందా? దాత దేశం ఖజానా చూసి ముందే పసిగట్టడం ఎలా

విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు నిధుల సంగతి తెలుసుకోవాలంటే ఏం చేస్తారు? ఆ దేశపు సాయం శాఖ వెబ్‌సైట్ చూస్తారు, లేదంటే ఢిల్లీలో ఉన్న ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తారు. ఆయనేమో "ప్రస్తుతానికి ఏ ఇబ్బందీ లేదండీ" అంటాడు. పాపం, ఆయనకీ తెలీదు. ఎంత ఇవ్వాలో తేల్చేది ఆయన శాఖ కాదు, అక్కడి ఆర్థిక శాఖ. అప్పు ఎంతుంది, లోటు ఎంత, వడ్డీలకు ఎంత పోతోంది, ఏ గీత దాటబోమని ప్రజలకు మాటిచ్చారు, ఇవన్నీ తేలాక మిగిలినదాంట్లోంచే విదేశీ సాయం వస్తుంది. ఇంట్లో ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ఈఎంఐ ఆపలేం, స్కూలు ఫీజు ఆపలేం, ముందు ఆగేది చందాలే కదా, అదే సంగతి. అందుకే మనం చదవాల్సింది సాయం శాఖ బ్రోచర్లు కాదు, ఆ దేశపు బడ్జెట్.

ఇది అనుకున్నంత కష్టమేమీ కాదు. శాతాలు లెక్కకట్టడం వస్తే చాలు. నేను ఎక్కువగా బ్రిటన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ లెక్కలన్నీ బయటే ఉంటాయి, పైగా సాయాన్ని పెంచడం, తగ్గించడం, మళ్లీ తగ్గించడం, మూడూ పన్నెండేళ్ల వ్యవధిలో అక్కడే జరిగాయి.

ముందు ఆ దేశం పెట్టుకున్న రూల్ ఏంటో చూడండి

సంపన్న దేశాలు తమ స్థూల జాతీయాదాయంలో, అంటే జీఎన్ఐలో, 0.7 శాతం పేద దేశాలకు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించింది. యాభై ఏళ్లు దాటిపోయాయి. 2024లో ఆ గీత దాటిన దేశాలు నాలుగే: డెన్మార్క్, లక్సెంబర్గ్, నార్వే, స్వీడన్. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలోని దాతలందరినీ కలిపి చూస్తే 0.33 శాతం. కాబట్టి 0.7 అనే అంకెను చూసి ఆశలు పెట్టుకోవద్దు, అది నలుగురిలో చెప్పుకునే మాటే తప్ప ఖజానాలోంచి డబ్బు తీయించే మాట కాదు.

ఖజానాని కదిలించేది ఆ దేశం తనకు తాను పెట్టుకున్న ఫిస్కల్ రూల్, అంటే అప్పూ లోటూ ఏ గీత దాటకూడదో చెప్పే నిబంధన. బ్రిటన్ 2013లో 0.7 చేరింది, 2015లో దాన్ని చట్టం కూడా చేసింది. చట్టమే వచ్చాక ఇక ఢోకా లేదని చాలామంది అనుకున్నారు. కానీ ఆ చట్టం చదివితే అసలు కిటుకు తెలుస్తుంది: లక్ష్యం తప్పితే మంత్రి పార్లమెంటుకు ఒక వివరణ ఇస్తే చాలు, ఆ వివరణలో దేశ ఆర్థిక పరిస్థితి బాగోలేదనీ, పన్నుల మీదా ప్రభుత్వ ఖర్చు మీదా అప్పుల మీదా భారం పడుతుందనీ చెప్పుకోవచ్చని చట్టంలోనే రాసి ఉంది. కోర్టుకు పోయి నిలదీసే వీలు లేదు. తప్పించుకునే దారి వదిలిపెట్టే చట్టం రాశారన్నమాట.

కోవిడ్ దెబ్బకు 2020 నవంబరులో అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ సాయాన్ని 0.5కి తగ్గిస్తున్నట్టు చెప్పారు. తాత్కాలికమే అన్నారు. మళ్లీ 0.7కి ఎప్పుడు వెళ్తారంటే 2021 జులైలో రెండు షరతులు బయటపెట్టారు: రోజువారీ ఖర్చుల కోసం ప్రభుత్వం అప్పు చేయకుండా ఉండాలి, జీడీపీతో పోలిస్తే అప్పు నిలకడగా తగ్గుతూ ఉండాలి. ఈ రెండూ నెరవేరుతున్నాయని ఓబీఆర్ అనే స్వతంత్ర సంస్థ అంచనాల్లో కనిపించాలి. జులై 13న పార్లమెంటులో ఓటింగ్ జరిగితే 333–298తో ప్రభుత్వమే నెగ్గింది, సొంత పార్టీ మాజీ ప్రధాని థెరిసా మే వ్యతిరేకంగా ఓటేసినా ఆగలేదు. ఆ తర్వాత ఆ రెండు షరతులూ కలిసి నెరవేరిన రోజు రాలేదు. 2025 ఫిబ్రవరి 25న ప్రధాని కియర్ స్టార్మర్ వచ్చి 2027 నాటికి 0.3కి తగ్గిస్తామన్నారు, ఆ డబ్బు రక్షణకు పోతుందని సూటిగానే చెప్పారు. మూడు రోజులకు విదేశీ సాయం చూసే మంత్రి అనెలిస్ డాడ్స్ రాజీనామా చేశారు.

ఇందులోంచి మీరు తీసుకోవాల్సిన పద్ధతి ఇది. ఏ ప్రభుత్వమైనా "తాత్కాలిక కోత" అన్నప్పుడు వెనక్కి తెచ్చే తేదీ చెప్పారా, షరతు చెప్పారా చూడండి. తేదీ చెబితే కాస్త నమ్మొచ్చు (కాస్తే, ఫ్రాన్స్ 2025కల్లా 0.7 ఇస్తామని 2021లో చట్టంలో రాసుకుని, రెండేళ్లకే దాన్ని 2030కి జరిపింది). షరతు చెబితే మాత్రం వాళ్ల అంచనాల నివేదిక తెరిచి, ఆ షరతు ఏ ఏడాదిలో నెరవేరుతుందని వేశారో వెతకండి. రాబోయే అయిదేళ్ల పట్టికలో ఎక్కడా కనబడకపోతే ఆ కోత తాత్కాలికం కాదు, కొత్త మామూలు అదే.

జర్మనీలో రూల్ ఇంకా గట్టిది. 2009లో రాజ్యాంగంలోనే పెట్టుకున్నారు, కేంద్ర ప్రభుత్వం నిర్మాణాత్మక లోటు (ఆర్థిక ఒడిదుడుకుల ప్రభావం తీసేసి లెక్కకట్టే లోటు) జీడీపీలో 0.35 శాతం దాటకూడదని. 2023 నవంబరు 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పుతో 6,000 కోట్ల యూరోలను ప్రభుత్వం లెక్కల్లోంచి ఎగరగొట్టింది. కోవిడ్ కోసం తీసుకున్న అప్పు పరిమితిని వాతావరణ నిధికి మళ్లించడం చెల్లదన్నారు. విదేశీ సాయానికీ ఆ కేసుకీ ఏ సంబంధం లేదు. అయినా బొక్క పూడ్చే పని వచ్చేసరికి అన్ని శాఖలతో పాటు సాయం శాఖ కూడా వరుసలో నిలబడాల్సి వచ్చింది: 2023లో దాదాపు 1,216 కోట్ల యూరోలున్న బడ్జెట్ 2025కి 1,030 కోట్ల దగ్గరకు దిగింది. అందుకే జర్మన్ నిధులున్నవాళ్లకు నేను చెప్పేదొకటే, కోర్టు వార్తలూ చదవండి.

పోటీ ఎవరితోనో కనుక్కోండి

లోటు ఎక్కువుంటే సాయం తగ్గుతుందని గుడ్డిగా లెక్కేస్తే పప్పులో కాలేస్తారు. 2009–10లో బ్రిటన్ లోటు జీడీపీలో పది శాతం దాకా పోయింది, 2010లో వచ్చిన కామెరాన్ ప్రభుత్వం పోలీసుల నుంచి లైబ్రరీల దాకా ఎడాపెడా కోతలు వేసింది, కానీ ఆసుపత్రులనూ విదేశీ సాయాన్నీ మాత్రం ముట్టుకోలేదు. పైగా ఆ కోతల మధ్యలోనే సాయం 0.7కి పెరిగింది. అదే సమయంలో స్పెయిన్ ఏం చేసింది? 2010 మేలో ప్రధాని జపతేరో ప్రకటించిన పొదుపు ప్యాకేజీలో విదేశీ సాయం నుంచే 60 కోట్ల యూరోలు తీసేశారు, 0.5 శాతానికి దగ్గరగా ఉన్న సాయం 2012 వచ్చేసరికి 0.2 కంటే కిందికి జారింది. రెండు దేశాల్లోనూ సంక్షోభమే. తేడా ఏంటంటే బ్రిటన్ తన సొంత కరెన్సీలో అప్పు చేస్తుంది, మార్కెట్లో వడ్డీ మరీ పెరగలేదు, పైగా సాయం పెంచుతానని కామెరాన్ తన ముద్ర వేసుకుని మరీ చెప్పుకున్నాడు. స్పెయిన్‌కి అప్పు దొరకడమే కష్టమైన పరిస్థితి, యూరో తన చేతిలో లేదు. తనకు మాలిన ధర్మం అనే మాట అక్కడ అక్షరాలా వర్తించింది.

ఇక్కడ ఒక పిట్టకథ. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థకి స్పెయిన్ నుంచే డబ్బు వచ్చేది కదా, మరి అప్పుడే కుదేలవ్వాలి కదా అని అడగొచ్చు. వాళ్లకు వచ్చేది ప్రధానంగా అక్కడి మామూలు జనం నెలనెలా ఇచ్చే చందాలు, ప్రభుత్వ ఖజానా డబ్బు కాదు. ఆ చందాల కష్టాలు వేరే ఉంటాయి, కానీ ఈ గైడ్‌లో చెప్పే లెక్క వాటికి పనికిరాదు. కాబట్టి మీ డబ్బు అసలు ఏ జేబులోంచి వస్తోందో మొదటే తేల్చుకోండి.

అందుకే లోటు అంకె ఒక్కటే సరిపోదు, ఆ లోటు మీద ఇంకెవరు చేతులేసి కూర్చున్నారో చూడాలి. ఇప్పుడు ముఖ్యంగా ఇద్దరు: వడ్డీలు, రక్షణ. బ్రిటన్ ప్రభుత్వం ఏటా వడ్డీలకే 10,000 కోట్ల పౌండ్లకు పైగా కడుతోంది, అంటే 2024లో సాయానికి ఇచ్చినదానికి ఏడు రెట్లు. వడ్డీని కోయలేరు. రక్షణను కోయరు. జర్మనీ 2025 మార్చిలో తన అప్పు రూల్‌ను సడలించింది, రక్షణ ఖర్చు జీడీపీలో ఒక శాతం దాటిన మేరకు రూల్ వర్తించదంది, మౌలిక వసతులకు 50,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి పెట్టింది. ఇంత డబ్బుకి గేట్లు ఎత్తాక కూడా సాయం శాఖ బడ్జెట్ తగ్గుతూనే పోయింది, ఎందుకంటే ఆ మినహాయింపుల్లో దాని పేరు లేదు. రూల్ ఎంత గట్టిది అనేది ఒక ఎత్తు, రూల్ నుంచి ఎవరికి మినహాయింపు ఇచ్చారు అనేది ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం, కాగితం పెన్ను తీసుకోండి

2024లో బ్రిటన్ ఇచ్చిన సాయం 1,410 కోట్ల పౌండ్లు, అది జీఎన్ఐలో 0.5 శాతం. అంటే జీఎన్ఐ సుమారు 2.8 లక్షల కోట్ల పౌండ్లు. అందులో 0.3 శాతం 840 కోట్లు. 2027కి ధరలూ ఆదాయమూ పెరుగుతాయి కాబట్టి తొమ్మిది వందల కోట్ల పైచిలుకు అనుకుందాం. మూడో వంతు పోయిందన్నమాట.

ఇక్కడితో ఆగిపోతే సగమే తెలిసినట్టు. ఆ డబ్బంతా దేశం దాటి బయటికి రాదు. శరణార్థులు వచ్చిన మొదటి పన్నెండు నెలలు వాళ్ల మీద సొంత దేశంలో పెట్టే తిండి, బస ఖర్చును కూడా విదేశీ సాయంగా చూపించుకోవచ్చని ఓఈసీడీ నిబంధనలు ఒప్పుకుంటాయి. బ్రిటన్‌లో ఆ ఖర్చు 2023లో 430 కోట్ల పౌండ్లు, 2024లో 280 కోట్లు. చాలావరకు హోటళ్ల బిల్లులే. 2019లో మొత్తం సాయం 1,520 కోట్లు, 2023లో 1,530 కోట్లు, పైకి చూస్తే రెండూ ఒకటే. కానీ 2019లో శరణార్థుల ఖర్చు 50 కోట్ల లోపే, కాబట్టి బయటికి వెళ్లింది 1,470 కోట్ల దాకా ఉంటుంది, 2023లో బయటికి వెళ్లింది 1,100 కోట్లు. ధరల పెరుగుదల కూడా కలిపితే తేడా ఇంకా పెద్దది. 2022లో ఈ ఖర్చు మరీ పెరిగి 0.5 గీత దాటిపోయేలా ఉందని ఆ ఏడాది జులైలో అత్యవసరం కాని చెల్లింపులన్నీ ఆపేశారు. అక్కడ హోటల్ గదులు నిండితే ఇంకెక్కడో ప్రాజెక్టుల డబ్బు ఆగింది.

కాబట్టి 900 చిల్లరలోంచి శరణార్థుల ఖర్చు తీసేయండి. తగ్గి 200 కోట్లకు వచ్చిందనే అనుకుందాం, 700 చిల్లర మిగిలింది. అందులోంచి ప్రపంచ స్థాయి సంస్థలకు ముందే ఇచ్చిన మాటలు తీసేయాలి: ప్రపంచ బ్యాంకులో పేద దేశాలకు సాయం చేసే విభాగం ఐడీఏకి మూడేళ్లకు 198 కోట్లు, టీకాల సంస్థ గవీకి అయిదేళ్లకు 125 కోట్లు, ఇంకా ఇలాంటివి బోలెడు. ఇవన్నీ పోగా మిగిలిందే దేశాలకు నేరుగా ఇచ్చేది. మొత్తంలో మూడో వంతు కోత అంటే, నేరుగా ఇచ్చే ప్రాజెక్టుల దగ్గరికి వచ్చేసరికి అది సగం కోతో అంతకంటే ఎక్కువో అవుతుంది. జనాలు షాక్ తినేది ఇక్కడే.

ఇంకో మెలిక, శాతం మీద నడిచే బడ్జెట్ జీఎన్ఐ పడిపోతే తానంతట తానే పడిపోతుంది. 2020లో 0.7 ఇంకా అమల్లో ఉండగానే జులైలో 290 కోట్ల పౌండ్లు తగ్గించే ప్యాకేజీ ప్రకటించారు, కోవిడ్ వల్ల జీఎన్ఐ కుంచించుకుపోతుందని. శాతం మారలేదు, మాట తప్పలేదు, డబ్బు మాత్రం తగ్గింది. స్వీడన్ ఇంకో దారి పట్టింది, జీఎన్ఐలో ఒక శాతం అనే పాత పద్ధతిని వదిలేసి ఏడాదికి 5,600 కోట్ల క్రోనార్లు అని అంకె బిగించేసింది, తర్వాత దాన్ని 5,300కి దించింది. అంకె బిగించారంటే మంచిదేగా అనిపిస్తుంది, కానీ దేశం ఆదాయం పెరిగినా ధరలు పెరిగినా మనకొచ్చేది అంతే.

గ్రాంటా, అప్పా?

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ జపాన్. 1990లలో ప్రపంచంలోనే అతి పెద్ద దాత. దాని సాధారణ బడ్జెట్‌లో విదేశీ సాయం 1997లో దాదాపు 1.17 లక్షల కోట్ల యెన్లతో శిఖరానికి చేరింది, ఆ తర్వాత బ్యాంకుల సంక్షోభం, కొండలా పెరిగిన అప్పు, ముసలివాళ్ల పింఛన్లు, అన్నీ కలిసి దాన్ని సగానికి దించేశాయి. మరి అలాంటప్పుడు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకి జపాన్ సాయం సంస్థ జైకా డబ్బు ఎలా వచ్చింది? అది గ్రాంటు కాదు, యెన్ రుణం. రుణం ఇవ్వడానికి పన్నుల డబ్బు అంతగా అక్కర్లేదు, ఎక్కువ భాగం తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి మనకిస్తారు, మనం తిరిగి కడతాం, గ్రాంటుతో పోలిస్తే వాళ్ల ఖజానా మీద పడే భారం తక్కువ. అందుకే దాత దేశం ఖజానా ఇరుకున పడినప్పుడు గ్రాంట్లు తగ్గి రుణాల వాటా పెరగడం మామూలు. రోడ్డుకీ మెట్రోకీ ఇది ఇబ్బంది కాదు. గిరిజన హాస్టల్‌కో, పొగాకు రైతుల భూసార పరీక్షలకో రుణం ఎవరిస్తారు, ఎవరు తీరుస్తారు? చిన్న సంస్థలకు గ్రాంటు పోతే బదులు ఏదీ ఉండదు.

అంకెలు చెప్పనివి

2000లలో బ్రిటన్ సాయం శాఖకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమైన రాష్ట్రాల్లో ఒకటి. విద్యుత్ సంస్కరణలు, అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి కరువు జిల్లాల్లో జీవనోపాధుల ప్రాజెక్టు, చాలా వాటికి అక్కడి డబ్బు వచ్చింది. 2012 నవంబరులో, బ్రిటన్ మొత్తం సాయం పెరుగుతున్న రోజుల్లోనే, భారత్‌కి సంప్రదాయ సాయం 2015కల్లా ఆపేస్తామని ప్రకటించారు. అంతరిక్షానికి రాకెట్లు పంపే దేశానికి మన పన్నులెందుకు అని అక్కడి పత్రికలు అప్పటికే గోల పెడుతున్నాయి. మొత్తం పెరిగినా మన వాటా సున్నా కావచ్చన్నమాట, కాబట్టి మొత్తం చూశాక మీ దేశం వరుస కూడా వెతకండి.

అమెరికా సంగతి మరీ వేరు. అక్కడ విదేశీ సాయం ఫెడరల్ ఖర్చులో ఒక శాతం అటూఇటూ ఉండేది, దాన్ని మొత్తం ఆపేసినా లోటులో కనిపించేంత తేడా రాదు. 2025 జనవరి 20న ఒక్క ఉత్తర్వుతో 90 రోజులు ఆపారు, మార్చికల్లా అక్కడి సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దన్నారు, జులై 1 నుంచి ఆ సంస్థ సాయం ఇవ్వడమే ఆగిపోయింది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ ఆ దెబ్బకే మూతపడింది. ఏ బడ్జెట్ పట్టిక చూసినా ఇది ముందే తెలిసేది కాదు, అది రాజకీయ నిర్ణయం, లోటు పేరు పైపైకి వాడుకున్నారంతే. అమెరికా డబ్బుతో నడిచేవాళ్లు నా పద్ధతిని సగమే నమ్మండి.

మారకం రేటు గురించి రెండు ముక్కలు. మీ ఒప్పందం పౌండ్లలో ఉండి ఖర్చు రూపాయల్లో ఉంటే, 2016 బ్రెగ్జిట్ ఓటింగ్ తర్వాత పౌండ్ పడినట్టు పడితే ఏ కోతా లేకుండానే మీ బడ్జెట్ తగ్గుతుంది. ఖజానా బాగోలేని దేశం కరెన్సీ కూడా పడే అవకాశం ఎక్కువ, కాబట్టి రెండు దెబ్బలూ ఒకేసారి తగలొచ్చు.

ఎప్పుడు ఏం తెరవాలి

బడ్జెట్ నెలలు గుర్తుపెట్టుకుంటే పని సగం అయినట్టే. సెప్టెంబరులో స్వీడన్, అదే నెల మూడో మంగళవారం నెదర్లాండ్స్. అక్టోబరు మొదట్లో ఫ్రాన్స్. జర్మనీ ముసాయిదా మామూలుగా వేసవిలో వస్తుంది, పార్లమెంటు దాన్ని ఖరారు చేసేది నవంబరులో, ముసాయిదాకీ ఖరారుకీ మధ్య లాబీయింగ్‌తో కొంత మారుతుంది. జపాన్ కేబినెట్ డిసెంబరు చివర్లో ఆమోదిస్తుంది. బ్రిటన్ ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి, కానీ సాయం శాతాన్ని మాత్రం జనవరి నుంచి డిసెంబరుకి లెక్కేస్తారు, అందుకే ఏడాది చివర్లో "డిసెంబరు 31 లోపు బిల్లు పంపండి" అనో "చెల్లింపు జనవరిలో చేస్తాం" అనో మెయిల్ వస్తుంది. మొదటిది వస్తే వాళ్లకి లక్ష్యం అందట్లేదని, రెండోది వస్తే గీత దాటిపోతోందని అర్థం. అన్ని దేశాల తొలి అంకెలూ ఓఈసీడీ ఏప్రిల్‌లో ఇస్తుంది, కానీ అవి గతేడాదివి, జరిగిపోయినవి.

బడ్జెట్ చూశాక మీ ఎంఓయూ తీయండి. 2021లో బ్రిటన్ కోత పడినప్పుడు పెద్ద అంతర్జాతీయ సంస్థలకు కట్టుబడి ముందే ఇచ్చిన మాటలు చాలావరకు నిలబడ్డాయి, నేరుగా ఇచ్చే ప్రాజెక్టులూ, విడిగా ఇస్తామన్న సాయమూ ముందు ఎగిరిపోయాయి. యెమెన్‌కి అంతకుముందు ఏడాది 16 కోట్ల పౌండ్లు ఇస్తామన్నవాళ్లు 8.7 కోట్లన్నారు, కుటుంబ నియంత్రణ సామగ్రికి ఐరాస జనాభా నిధికి ఇచ్చేది 15.4 కోట్ల నుంచి 2.3 కోట్లకు పడింది. కాబట్టి మీ ఒప్పందంలో నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో, "నిధుల లభ్యతను బట్టి" అన్న మాట ఎక్కడుందో, తర్వాతి విడత ఏ నెలలోనో చూసుకోండి. ఆ విడత దాత దేశం బడ్జెట్ ఖరారు కాకముందు పడితే మంచిది, తర్వాతైతే ముందుకు జరపమని ఇప్పుడే రాయండి. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు పెండింగ్‌లో పెట్టుకుని కూర్చోవద్దు, కోత వేయడానికి సాకు వెతికేటప్పుడు మొదట కనిపించేది ఆ ఫైలే. సిబ్బంది ఒప్పందాలు ప్రాజెక్టు గడువుకి కాకుండా విడతల గడువుకి రాసుకోండి, వినడానికి బాగోదు, నాకూ నచ్చదు, కానీ ఉన్నట్టుండి పన్నెండు మందిని ఇంటికి పంపడం కంటే నయం.